అడ్డొచ్చిన మూడు కర్రలు

స్టూడియో మేడ మీద గది
జనవరి, రెండో ఆదివారం

ఒసేయ్ గునపం,

ఇల్లు చేరాను. చెప్పుల్లో ఇసుక, చెవుల్లో ఇసుక, పళ్ళు తోముకుంటే బ్రష్షులో ఇసుక. మీ ఎడారి సగం నా వెంట వచ్చేసింది, మిగతా సగంతో సర్దుకోండి.

అన్నయ్య స్టేషన్ దాకా లారీలో దింపాడు కదా, దారంతా ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. రైలు కదిలాక మాత్రం "చెల్లెమ్మా, నీళ్ళ సీసా!" అని అరిచి కిటికీలోంచి లోపలికి విసిరాడు. అది ఎదురు సీటాయన ఒళ్ళో పడింది. మీ ఆయనకి మాటలు పొదుపు, గురి కూడా పొదుపే.

రాగానే షాపు తెరిచాను. నీకు తెలుసుగా నా బతుకు. వెనక తెల్లగుడ్డ, ముందు స్టూలు. "గడ్డం కాస్త పైకి, రెప్ప వెయ్యకండి, అయిపోయింది." ఇరవై ఏళ్ళుగా నేను తీసింది ఒకటే ఫొటో, ముఖాలు మారుతుంటాయంతే. ఆ ముఖాలకి దూరంగా ఓ రెండు వారాలు ఉందామనే మీ దగ్గరికి వచ్చాను. మనిషి కనబడని ఫొటో ఒక్కటైనా తియ్యాలని ఎన్నాళ్ళ కోరికో.

తీశానే! చివరి రోజు తెల్లారగానే మీరెవరూ లేవకముందు పంపు గది వెనక్కి వెళ్ళాను చూడు, అప్పుడు. వెలుతురు దిబ్బ అంచు మీద పడి మెల్లగా కిందికి దిగుతోంది. ముందు భాగంలో అడ్డంగా ఉన్న చెత్తాచెదారం తీసి పక్కన పెట్టి, ఫొటో అయ్యాక మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశాను, నీకంటే శుభ్రంగా. నిన్న డార్క్ రూములో ఆ ప్రింటు నీళ్ళలో తేలుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వకు.

దాన్ని ఇక్కడి పెద్ద ఎగ్జిబిషన్‌కి పంపుతున్నాను. అత్తయ్యగారికి నా నమస్కారాలు. ఆవిడ పెట్టిన టీకి ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

నీ
బొంగరం


పంపు గది
ఫిబ్రవరి, చలి ఇంకా వదల్లేదు

బొంగరం,

ఉత్తరం అందింది. ఆయనకి చదివి వినిపించాను. గురి గురించి రాసినచోట నవ్వి, "ఆవిడే సరిగ్గా పట్టుకోలేదు" అన్నారు. ఆ రోజు కోటా అయిపోయింది.

మా అత్తగారు రోజూ అడుగుతోంది, మన ఫొటోలు ఎప్పుడు పంపుతుందే ఆ పిల్ల అని. పంపేందుకు ఏమీ లేవని నాకు తెలుసు. దిబ్బని తీశావు, రాళ్ళని తీశావు, ఎండిన ముళ్ళ కంపని పొద్దుటా సాయంత్రం తీశావు. పోనీలే. నువ్వు వచ్చింది సీనరీ కోసం కదా.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మార్చి నెలలో కొలతలు తీసి ఆఫీసుకి పంపాలి. నీకు చెప్పాను, గుర్తుందో లేదో. చెబుతున్నప్పుడు నువ్వు లెన్సు తుడుచుకుంటున్నావు. ఆ దిబ్బ ఏటేటా బావి వైపు జరుగుతోంది. మామూలు రోజుల్లో కొంచెం కొంచెంగా, గాలి కాలం వచ్చిందంటే ఇసుక పొర్లి వస్తుంది. అడ్డంగా కంచె కట్టిస్తే ఆగుతుంది, లేదంటే ఇంకో రెండు మూడేళ్ళలో బావి ఇసుక కింద ఉంటుంది. నలభై ఇళ్ళకి ఇదొక్కటే తియ్యటి నీళ్ళ బావి. పంపు నడిపేది నేను కాబట్టి పొద్దున్నే బిందెలు పట్టుకుని నా ముఖమే చూస్తారందరూ.

ఈ ఏడు ఆఫీసువాళ్ళు కంచె ఒక్క ఊరికే ఇస్తారట. మేమూ, పైన గుట్టల వైపు ఇంకో ఊరూ పోటీలో ఉన్నాం. మూడేళ్ళ కొలతలు నా దగ్గర పక్కాగా ఉన్నాయి. మార్చి లెక్క కూడా వెళ్ళిందంటే కంచె మనదే. తెచ్చి తీరతాను, చూస్తూ ఉండు.

ఎగ్జిబిషన్ సంగతి రాయి.

గునపం


స్టూడియో
మార్చి మొదట్లో

నా బంగారు గునపం,

కూర్చుని చదువు. నా ఫొటో ఎంపికైంది! మామూలుగా కాదు, మొట్టమొదటి ఎంపిక. హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద తలుపంత సైజులో మీ దిబ్బ! కింద నేను పెట్టిన పేరు: "మనిషి అడుగు పడని చోటు". జనం దాని ముందు నిలబడి గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఒకాయన నన్ను "మేడమ్, అక్కడికి ఎలా చేరుకున్నారు?" అని అడిగాడు. లారీలో, టమాటా బుట్టల మధ్య కూర్చుని అని చెప్పలేక "చాలా కష్టపడి" అన్నాను.

పక్క వీధి స్టూడియో ఆయన లేడూ, నన్ను పాస్‌పోర్టు అక్కయ్య అని పిలిచేవాడు? నిన్న వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. చెయ్యి వదిలితే ఒట్టు.

నెలల తరబడి ఊరూరా తిప్పుతారట ఈ ఎగ్జిబిషన్‌ని. చివర్లో పుస్తకం వేస్తారట. నా ఫొటో అట్ట మీద!

ఇదంతా మీ ఇంటి చలవే. అత్తయ్యగారితో చెప్పు.

నీ
బొంగరం


పంపు గది
మార్చి నెలాఖరు

బొంగరం,

సంతోషమే. పేరు చదివి ఆయన కూడా నవ్వారు. అడుగు పడని చోటేమిటే, రోజుకి రెండు పూటలా నేను ఆ ఇసుకలోంచే పంపు గదికి నడుస్తాను. అక్కడ ఉన్నన్ని అడుగులు మీ బజారులో కూడా ఉండవు. నా పంపు గది ఏమైంది ఆ ఫొటోలో?

సరే, అది అలా ఉంచు. ఇక్కడ ఒక వింత జరిగింది. నాకు మతి పోతోంది.

దిబ్బ వెనక్కి వెళ్ళింది.

బావికీ దిబ్బకీ మధ్య రాళ్ళ గుట్ట ఉంది కదా, నా టేపు పొట్టిది, ఆ గుట్ట మీంచి సాగదు. అందుకని మూడేళ్ళ కిందట గుట్టకి అవతల, దిబ్బ వైపు మూడు కర్రలు పాతుకున్నాను. ఎప్పుడు కొలిచినా ఆ కర్రల దగ్గర్నుంచి దిబ్బ పాదం దాకానే. ప్రతిసారీ కొలత తగ్గుతూ వచ్చింది. ఈసారి పెరిగింది! మూడు కర్రల దగ్గరా పెరిగింది. టేపు తిరగేసి చూశాను, ఆయన్ని పట్టుకోమని మళ్ళీ కొలిచాను. అదే లెక్క. దిబ్బ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

అబద్ధం రాయలేను కదా, ఉన్నదున్నట్టు పంపాను. వారం తిరక్కుండా జవాబు వచ్చింది: దిబ్బ తగ్గుముఖం పట్టినందుకు సంతోషం, మీ ఊరి పేరు జాబితాలోంచి తీసేస్తున్నాం.

ఊళ్ళో అందరూ వచ్చి నా చేతులు పట్టుకుంటున్నారు, గండం గడిచిందమ్మా అని. నేనూ నవ్వుతున్నాను. కానీ పంపు గదిలో కూర్చుంటే ఆ దిబ్బ ఎప్పటికంటే దగ్గరగా కనిపిస్తోందే నాకు. కళ్ళు పోయాయా, మతి పోయిందా తెలియడం లేదు. గాలి ముందుకి తోసేదాన్ని వెనక్కి లాగింది ఎవరు?

గునపం


స్టూడియో
ఏప్రిల్, నీ ఉత్తరం అందిన రోజే

గునపం,

దిబ్బ వెనక్కి పోలేదు. కర్రలు వెనక్కి వచ్చాయి.

నేనే తెచ్చాను. ఆ చివరి రోజు పొద్దున ఫొటోకి అడ్డొస్తున్నాయని మూడూ పీకి పక్కన పడేశాను. మేకల్ని కట్టేసే గుంజలేమో అనుకున్నాను. ఫొటో అయ్యాక చూస్తే గుంటలు ఇసుకతో పూడిపోయి ఉన్నాయి. సుమారుగా అక్కడే అనుకుని, ఒక వరసలో ముచ్చటగా పాతేశాను. దిబ్బ అంచు చెదిరిపోతుందని కాస్త ఇవతలికే నిలబడి పాతాను.

నీ కళ్ళూ బాగానే ఉన్నాయి, మతీ బాగానే ఉంది. వెంటనే ఆఫీసుకి రాసెయ్. ఎవరడిగినా నా పేరు చెప్పు. తిట్టడం తర్వాత తిడుదువుగాని.

బొంగరం


పంపు గది
ఏప్రిల్

గౌరవనీయులైన ఫొటోగ్రాఫరు గారికి,

మీ ఉత్తరం అందినది. మీరు మా ఇంటికి దయచేసి, మా కర్రలు పీకి, తిరిగి ముచ్చటగా పాతి వెళ్ళినందుకు మా ఊరు మీకు ఎంతో రుణపడి ఉన్నది. పాత కొలతలన్నీ పాత చోట్ల నుంచి తీసినవి. కొత్త చోట్లు మీ అభిరుచి ప్రకారం ఉన్నవి. కావున మూడేళ్ళ పని ఇసుకలో కలిసినదని తెలియజేయుటకు విచారిస్తున్నాను. మీ ఫొటోకి మరిన్ని బహుమతులు రావాలని

ఛీ, నా వల్ల కాదే ఈ మర్యాద. ఒళ్ళు మండిపోతోంది. మేకల గుంజలా? మా ఇంట్లో మేక ఎక్కడుందే? రెండు వారాలు మా ఇంట్లో తిని, పడుకుని, ఒక్క మేకనైనా చూశావా? ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అడిగుంటే! "ఈ కర్రలేంటే" అని కేకేస్తే గోడ ఇవతల ఉన్నాను నేను. బావికీ ఆ కర్రలకీ దూరం ఎంతో కూడా రాసుకోలేదు. కర్రలు నడిచి వెళ్తాయని ఎవరైనా అనుకుంటారా?

ఇంకో తమాషా విను. మా అత్తగారు నిన్ను చూసిందట! కిటికీలోంచి. "ఆ పిల్ల పొద్దున్నే కర్రలు పీకి పాతుతుంటే పట్నంవాళ్ళ కసరత్తు అనుకున్నానే" అంటోంది. అతిథిని అడిగితే బాగోదని ఊరుకుందట. నెత్తి కొట్టుకోవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను.

ఆఫీసుకి రాశాను. వాళ్ళు నమ్మరు. నమ్మడానికి ఏముంది? జాబితాలోంచి పేరు పోగానే కర్రలు జరిగాయని కథ చెబుతున్నానంటారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను.

నీకు అన్నీ అడ్డమేనే. నా కర్రలు అడ్డం, నా పంపు గది అడ్డం, మేమందరం అడ్డం. అంత దూరం వచ్చి ఒక్క ఫొటోలో నన్ను నిలబెట్టలేదు. అది కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను, మళ్ళీ చెప్పను.

గునపం


స్టూడియో
ఏప్రిల్, రేపు పొద్దున్నే పోస్టు చెయ్యాలి

గునపం,

తిట్లన్నీ చదివాను. ఒక్కటి కూడా ఎక్కువ కాదు. ఫొటోలో నిలబెట్టలేదన్నది మాత్రం రెండుసార్లు చదివాను. దానికి జవాబు ఉత్తరంలో ఇవ్వలేను.

ఇప్పుడు పని మాట విను. కర్రలు మొదట ఎక్కడుండేవో తెలుసు.

అసలు ఫొటోకి ముందు వెలుతురు చూసుకోవడానికి ఒకటి తీసుకుంటాను, నా అలవాటు. ఆ రోజూ తీశాను, కర్రలు పీకకముందు. బాగా లేదని ప్రింటు వెయ్యలేదు. రాత్రనకా పగలనకా డబ్బాలన్నీ కుమ్మరించి వెతికితే దొరికింది. మూడు కర్రలూ ఇసుకలో దిగినచోటుతో సహా సూదిమొనలా స్పష్టంగా ఉన్నాయి. ఎడమ పక్క నీ పంపు గది మూల, వెనక కొండ మీది నొక్కు, రెండూ పడ్డాయి. ఎగ్జిబిషన్ ప్రింటులో ఆ మూలని నేనే కోసేశాను. నా పంపు గది ఏదని అడిగావుగా, కత్తెర పాలైంది.

నేను ఆ పెద్ద కెమెరాతో మళ్ళీ అదే చోట నిలబడాలి. పంపు గది మూలా, కొండ నొక్కూ ఆ నెగెటివ్‌లో ఎలా కలిశాయో అలాగే కలిసి కనిపించే చోటు ప్రపంచంలో ఒక్కటే ఉంటుంది. అది దొరికితే, కెమెరా వెనక అద్దానికి పాత బొమ్మ గీసిన పల్చటి కాగితం అంటిస్తాను. నువ్వు కర్ర పట్టుకుని నడువు. కర్ర వచ్చి గీత మీద నిలబడినప్పుడు ఆగమంటాను. అక్కడ పాతుదువుగాని.

ఆ రోజు స్టాండు కాళ్ళు ఇసుకలో దిగకుండా మూడు చదును రాళ్ళు వేశాను. అవి అక్కడే ఉంటే సగం పని అయినట్టే. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ముఖ్యంగా నాలాంటి వాళ్ళని.

బొంగరం


పంపు గది
మే మొదటి వారం

బొంగరం,

రాళ్ళు లేవు. మీ అన్నయ్య ఫిబ్రవరిలోనే తీసుకెళ్ళి లారీ చక్రాల కింద పెట్టుకున్నారు. "చదునుగా ఉన్నాయి, బాగున్నాయి" అన్నారు. పొదుపుగా. ఈ ఇంట్లో ఏ వస్తువునీ ఉన్నచోట ఉండనివ్వకూడదని అందరూ కూడబలుక్కున్నారా ఏంటి?

కోపం తగ్గిందని అనుకోకు. కానీ ఉత్తరం చదివాక ఆయన లారీ ఎక్కి ఆఫీసుకి వెళ్ళాను. ఇంజనీరు మంచాయనే. అంతా విని, "మీ మాట నేను నమ్ముతానమ్మా, కానీ నా నమ్మకాన్ని కాగితం మీద పెట్టి పైకి పంపలేను కదా" అన్నాడు. పాత ఫొటో కావాలి. కర్రలు నేనే తీశానని, ఫలానా రోజు తీశానని ఆ తీసినావిడ సంతకం పెట్టి ఇవ్వాలి. ఆయన ముందే మళ్ళీ పాతి చూపించాలి. జాబితా ఈ నెలాఖరుకి మూసేస్తారు. గాలి కాలం కూడా అప్పుడే మొదలవుతుంది. ఒకసారి గాలి లేచిందంటే నువ్వు కెమెరా కాదు కదా కన్ను కూడా తెరవలేవు.

ఈ ఎండల్లో రమ్మని ఎవరినీ అడగను. మధ్యాహ్నం పంపు పిడి పట్టుకుంటే చెయ్యి అంటుకుపోతోంది. ఆ పైన నీకు ఎగ్జిబిషన్ పనులుంటాయి. వస్తే రా. రాకపోతే ఫొటో పంపు, నేనే తంటాలు పడతాను. రాళ్ళ గుట్ట మీంచి పాకైనా సరే కొలుస్తాను. కంచె మాత్రం వదలను.

గునపం


స్టూడియో
మే, రెండో వారం

గునపం,

గురువారం రైలుకి వస్తున్నాను. అన్నయ్యని స్టేషన్‌కి పంపు. ఆ మూడు రాళ్ళూ లారీలోనే ఉంచమను, మళ్ళీ కావాలి.

పెద్ద కెమెరా, స్టాండు, నల్లగుడ్డ, గీసిన కాగితాలు రెండు సెట్లు, ఒకటి చిరిగితే ఇంకోటి. నీకోసం మా వీధి షాపులన్నిట్లోకెల్లా పొడుగాటి టేపు కొన్నాను. ఇకమీద గుట్ట కాదు కొండైనా దాటుతుంది.

సంతకం పెట్టేశాను. రెండు కాగితాల మీద పెట్టాను. ఒకటి మీ ఇంజనీరుకి. రెండోది ఎవరికో ఇప్పుడు అడక్కు.

ఎండ గురించి భయపెట్టకు. డార్క్ రూములో ఉక్కలో ఇరవై ఏళ్ళు ఉడికినదాన్ని.

బొంగరం


పంపు గది
జూన్, గాలి మొదలైంది

ఒసేయ్ బొంగరం,

కంచె వచ్చింది!

నిన్న రెండు లారీల నిండా సామాను దింపారు. తడికలు, గుంజలు, తీగ చుట్టలు. ఈ గుంజలు మేకలవి కావు, చెబుతున్నాను. ఇవాళ పొద్దున్నుంచే ఊరు ఊరంతా పనిలో ఉంది. ముఖాలకి గుడ్డలు చుట్టుకుని, ఒకరి మాట ఒకరికి వినపడక చేతులతో సైగలు చేసుకుంటూ పాతుతున్నాం. ముందు వరస నిలబడింది. రెండో వరస రేపు.

ఇంజనీరు తన రిపోర్టు నాకు చదివి వినిపించాడు. మేలో నువ్వు వచ్చి చూసినప్పుడు మొదటి కర్ర పాతాల్సిన చోటు దిబ్బ పాదంలోనే వచ్చింది కదా, ఆ ఒక్కటి చాలట. పాత ఫొటోలో కర్రకీ దిబ్బకీ మధ్య ఉన్న ఖాళీ నేల ఇప్పుడు లేదు. ఇంతకంటే ఏం కావాలమ్మా అన్నాడు. ఆయన నీ నల్లగుడ్డ కింద దూరి ఎంతసేపున్నాడో గుర్తుందా? బయటికి వచ్చి "ఊఁ" అన్నాడు. మీ అన్నయ్య కూడా "ఊఁ" అన్నారు. వాళ్ళిద్దరికీ ఆ తర్వాత భలే స్నేహం కుదిరిందిలే.

ఆ పూట తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. గుడ్డ కిందనుంచి నువ్వు "ఎడమకి!" అంటావు. నేను ఎడమకి వెళ్తే "అటు కాదే మొద్దూ, నా ఎడమకి!" అంటావు. నీ అద్దంలో లోకమంతా తలకిందులు, కుడి ఎడమలు తారుమారు. కర్ర పట్టుకుని ఆ నిప్పుల ఇసుకలో నాచేత ఎన్ని పిల్లిమొగ్గలు వేయించావే! ఊళ్ళోవాళ్ళు గోడెక్కి చూశారు. మా అత్తగారు గొడుగేసుకుని వచ్చి "ఇది కూడా కసరత్తేనా" అంది. చివరికి నీ గొంతు బొంగురుపోయి "ఆగు. అక్కడే. కదలకు" అన్నావు చూడు, కర్రని అక్కడికక్కడే నేలలోకి దించాను.

ఇప్పుడు అసలు విషయం. ఆఫీసులో బల్ల మీద పాత పేపరు ఉంది. చదివాను. ఎగ్జిబిషన్‌లో మొదటి ఎంపికైన ఫొటోని తీసేశారట. దృశ్యంలో వస్తువులు జరిపినట్టు ఫొటోగ్రాఫరే స్వయంగా రాసిచ్చారట. ఆ రెండో కాగితం అదేనా? నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి, నా ఎదురుగా కూర్చుని టీలు తాగి, ఒక్క మాట చెప్పలేదే! మా ఇంజనీరుకి ఇస్తే చాలు కదా, వాళ్ళకి ఎందుకు ఇచ్చావ్? వాళ్ళు అడిగారా? పుస్తకం అట్ట మీద నీ ఫొటో వస్తుందన్నావు.

ఏడ్చానే. కంచె వచ్చిన రోజు ఏడవడం ఏంటని మా అత్తగారు తిట్టింది.

గునపం


స్టూడియో
జూన్ నెలాఖరు

గునపం,

ఏడవకు. నీళ్ళు వృథా చెయ్యకూడదని పంపు గది గోడ మీద నువ్వే రాసి పెట్టావు.

ఎగ్జిబిషన్‌కి దరఖాస్తు పెట్టినప్పుడు ఏదీ జరపకుండా ఉన్నదున్నట్టు ఫొటో తీశానని రాసి పంపాను. మీ ఇంజనీరుకి కర్రలు పీకానని, వాళ్ళకి పీకలేదని, రెండు నాలుకలతో ఎలా ఉండను? ఒకవేళ మీ పైవాళ్ళలో ఎవరైనా ఆ హాలుకి వచ్చి, తలుపంత ఫొటోలో కర్రలు లేవే అని అడిగితే? నీ కంచె ఆగిపోయేది. అందుకే రైలెక్కేముందు ఆ హాలుకి వెళ్ళి చేతికిచ్చి వచ్చాను. కష్టంగానే ఉందే, లేదనను. నా ముందే నిచ్చెన వేసి దించారు. గోడ మీద మేకు ఒక్కటే మిగిలింది. మీ ఇంట్లో ఉన్నప్పుడు చెబితే నువ్వు నన్ను ఓదారుస్తూ కూర్చునేదానివి, కర్రలు ఎవరు పాతుతారు?

పక్క వీధి ఆయన మళ్ళీ పాస్‌పోర్టు అక్కయ్యా అంటున్నాడు. అననీ.

నీకో మాట బాకీ ఉన్నాను. ఉత్తరంలో చెప్పలేనన్నాను కదా. ఆ రోజు కర్ర నిలబెట్టిన ప్రతిసారీ రుజువు కోసం ఒక్కో ఫొటో తీశాను. కర్ర మీదే నా ధ్యాస, నిన్ను చూడనేలేదు. నిన్న ప్రింటు వేస్తే మూడో దాంట్లో ఉన్నావే నువ్వు. రెండు చేతులా కర్రని బిగించి పట్టుకుని, కొంగు నడుముకి చుట్టి, జుట్టంతా గాలికి లేచి, నన్ను కొరికేసేలా చూస్తున్నావు. వెనక దిబ్బ, పక్కన పంపు గది. మనం హాస్టల్ గదిలో ఉన్నప్పుడు నీకు గునపం అని ఎందుకు పేరు పెట్టానో, దాంట్లో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఇరవై ఏళ్ళలో గడ్డం పైకెత్తమని చెప్పకుండా నేను తీసిన మొదటి ముఖం అది.

షాపు అద్దాల వెనక పెళ్ళిజంట ఫొటో ఉండేది కదా, దాన్ని తీసేసి నిన్ను పెట్టాను. ఒక్క అంచు కూడా కొయ్యలేదు. ఫొటోలకి వచ్చినవాళ్ళు ముందు నీ దగ్గరే ఆగుతున్నారు. ఇవాళ ఒక ముసలాయన లోపలికొచ్చి, "ఆవిడ ఎవరమ్మా, ఆ దిబ్బకి అడ్డంగా నిలబడింది?" అని అడిగాడు. మా గునపం అండీ అన్నాను. ఆయనే స్టూలు మీద కూర్చుని గడ్డం పైకెత్తుకున్నాడు, పాపం.

నీ కాపీ ఈ కవరులో ఉంది.

నీ
బొంగరం


పంపు గది
సెప్టెంబరు, గాలి తగ్గింది

బొంగరం,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టకు. మూడు నెలలు తలుపు తెరవడమే గగనమైంది. పోస్టు లారీ కూడా రాలేదు.

పొద్దున కొత్త టేపు తీసుకుని వెళ్ళాను. కంచెకి అవతల ఇసుక నా నడుము దాకా పేరుకుంది. ఇవతల నేల పొడిగా, గట్టిగా ఉంది, నా చెప్పుల గుర్తులతో సహా. రెండో కర్ర, మూడో కర్ర నువ్వు ఆగమన్న చోటే ఉన్నాయి. మొదటిది ఇసుకలో మునిగిపోయింది. పోనీ, అదెక్కడుందో నీ ఫొటోలో ఉంది. ఆయన పట్టుకుంటే నేను బావి గట్టు నుంచి దిబ్బ దాకా ఒకే గుంజుడులో కొలిచాను. మూడుసార్లు కొలిచాను. మే నెలలో నీ ఎదురుగా ఎంతుందో అంతే ఉంది, ఒక్క జానెడు కూడా జరగలేదు.

వెళ్ళి పంపు వేశాను. నీళ్ళు వచ్చాయి. బిందెలతో నిలబడ్డవాళ్ళందరూ నా ముఖం చూశారు. ఈసారి దాచుకోవాల్సింది ఏమీ లేదే నా ముఖంలో.

ఫొటోని పంపు గదిలో మేకుకి తగిలించాను. అంత కోపంగా ఉన్నది పెట్టావేంటని మా అత్తగారు సణుగుతోంది. ఆయన మాత్రం రోజూ వచ్చి ఒకసారి చూసి వెళ్తున్నారు. మా అత్తగారికి కూడా ఒక ఫొటో కావాలట, గొడుగుతో.

చలి మొదలవగానే రా. పెద్ద కెమెరా తెచ్చుకో. తొందరేమీ లేదు, దిబ్బ ఎక్కడికీ పోదు. ఈసారి నిజంగానే.

నీ
గునపం